కలివి పొద, సర్కారు తుమ్మ: మన మెట్టనేల మీద రెండు ముళ్ళ చరిత్ర

బడి తోట అనగానే మన అందరికీ ఒకే బొమ్మ కళ్ళ ముందుకొస్తుంది. గేటు పక్కన రెండు అశోక చెట్లు, ఏటవాలుగా పాతి సున్నం కొట్టిన ఇటుకల వరుస, ఆ వరుస లోపల క్రోటన్ మొక్కలు, నీళ్ళుంటే కాస్త పచ్చగడ్డి. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకునేది ఇలాంటి తోటనే. ఆ క్రోటన్ల దగ్గర ఒక పూట కూర్చుని చూడండి. పిట్ట తినడానికి పండు లేదు, సీతాకోక గుడ్డు పెట్టడానికి ఆకు లేదు, తొండ దాక్కోవడానికి రాయి కూడా లేదు. తోట గోడ అవతల, కొట్టేయమని పంచాయతీకి అర్జీ పెట్టుకున్న కంపలో మాత్రం పికిళ్ళు, కముజులు, తేనెపిట్టలు, ఉడుతలు తమ పని తాము చేసుకుంటుంటాయి.

చెంచు, యానాది, ఎరుకల, సుగాలి ఇళ్ళల్లో పుట్టి బడిపంతుళ్ళమైన వాళ్ళం మేము. కర్నూలు, కడప జిల్లాల మెట్టనేలల్లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాం. అడవి ప్రాణులు వచ్చి పోయే తోటను బడిలో ఎలా పెంచాలని తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. మొక్కల పేర్లు చెప్పేసి ఊరుకోవచ్చు. ఆ పేర్ల కంటే ముందు రెండు ముళ్ళ మొక్కల చరిత్ర తెలియాలని మా అభిప్రాయం. ఒకటి ఊరు ఊరంతా తెలిసిన సర్కారు తుమ్మ, రెండోది కలివి. ఒకదాన్ని మన కడప జిల్లాకే తెచ్చి నాటారు. రెండోదాన్ని ఎవరూ నాటలేదు. అది ఇక్కడిదే.

ముందు నాటినదాని సంగతి. 1876లో మద్రాసు రాజధాని అటవీ శాఖ పెద్ద రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. ఎండను తట్టుకుని త్వరగా పెరిగే, వంటచెరకుకు పనికొచ్చే చెట్టు కావాలని ఆయన ప్రభుత్వానికి రాశాడు. జమైకా దీవి నుంచి విత్తనాలు వచ్చాయి. 1877లో వాటిని కడప జిల్లా కమలాపురంలో నాటారు. భారతదేశంలో ఈ చెట్టు పెంపకం అక్కడే మొదలైందని వృక్షశాస్త్రవేత్తలు రాస్తారు. ఇవాళ గుజరాత్ నుంచి తమిళనాడు దాకా ఎక్కడ చూసినా కనబడే చెట్టుకు మన కమలాపురం నేలే తొలి నారుమడి అయింది. కమలాపురం బడుల్లో చదువుకున్న పిల్లల్లో ఎంతమందికి ఈ మాట చెప్పి ఉంటాం?

ఆ సంవత్సరం ఎలాంటిదో కూడా పిల్లలకు చెప్పాలి. 1876-78 మధ్య వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. తెలుగు సంవత్సరాల్లో అది ధాత నామ సంవత్సరం. కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు ఆ కరువులో నలిగిపోయాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. 'బతికుంటే బలుసాకు తినొచ్చు' అనే సామెతను మనం ఇప్పుడు నవ్వుతూ వాడుకుంటాం. బలుసు మన చిట్టడవి పొదల్లో ఒకటి. ఆ మాట ఎప్పుడు పుట్టిందో గాని, కరువు రోజుల్లో అది సామెత కాదు, ఆ పూట భోజనం. పంట పోయిన ఏడు జనాన్ని కాపాడింది బలుసాకు, అడవి గడ్డలు, రేగుపండ్లు, చింతగింజలు. దొరతనం లెక్కలో మాత్రం అవి మొలిచే నేల పేరు బంజరు. పన్ను రాని నేలంతా బంజరే. బంజరు అన్న తర్వాత దాన్ని బాగు చెయ్యాలి, బాగు చెయ్యడానికి బయటి నుంచి చెట్టు తేవాలి. ఆలోచన ఆ దారిన పోయింది.

అయిదేళ్ళ తర్వాత, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మేపడం, కొట్టడం, ఏరుకోవడం నేరాలయ్యాయి. 1911 తర్వాత ఎరుకల వంటి కులాలను నేరస్థ తెగలుగా రిజిస్టర్లలోకి ఎక్కించారు. ఆ మచ్చ చట్టంలోంచి తొలగడానికి 1952 దాకా పట్టింది. నేలకు బంజరనీ, ఆ నేల మీద బతికే మనిషికి దొంగ అనీ పేరు పెట్టింది ఒకే కచేరీ. మనది మొక్కల వ్యాసమే అయినా ఈ సంగతి పక్కన పెట్టడం మా వల్ల కాలేదు.

సర్కారు తుమ్మను తిట్టడం సులువు. న్యాయంగా కూడా మాట్లాడాలి. మెట్ట ఊళ్ళల్లో పేదింటి పొయ్యి దశాబ్దాల తరబడి మండింది ఈ కంపతోనే. బొగ్గు బట్టీలు పెట్టుకుని బతికిన కుటుంబాల్లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. దాని తీపి కాయలు కరువులో గొర్రెలకూ మేకలకూ మేత. చెట్టు వ్యాపించిన దారీ అదే. మేక కాయ తింటుంది, గింజ అరగదు, పెంటికతో పాటు పది మైళ్ళ అవతల పడి మొలుస్తుంది. కొట్టేస్తే మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. దాని నీడలో గడ్డి సరిగా లేవదు. వంకలు, చెరువు కట్టలు, మేత బీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి దాని కిందికి పోయాయి. దసరాకు మనం ఆకు పంచుకునే జమ్మి దీనికి దగ్గరి చుట్టం. రెండింటి కాయలూ పక్కపక్కన పెడితే పిల్లలు ఇట్టే పోలిక పట్టేస్తారు. పరాయి చుట్టం ఊరంతా ఆక్రమించింది. పండగ నాడు జమ్మి చెట్టు కోసం జనం ఊళ్ళు దాటి పోతున్నారు.

ఇక కలివి. కొన్ని ఊళ్ళల్లో కలిమి అంటారు, దీని పెద్ద జాతిని వాక అంటారు, ఆ కాయ పప్పులో వేసుకుంటారు. నడుమెత్తు నుంచి మనిషెత్తు దాకా పెరిగే గుబురు పొద. జంట ముళ్ళు, మల్లెలాంటి తెల్లపూలు, ఆకు తుంచితే పాలు, పండితే నల్లని తీపి పండ్లు. మేకలు మేసినా, ఎండ మాడ్చినా మళ్ళీ చిగురిస్తుంది. ఈ పొద పేరుతోనే ఒక పిట్ట ఉంది. దాని వల్లనే కడప జిల్లా పేరు ప్రపంచంలోని పక్షి పుస్తకాలన్నింటిలోకీ ఎక్కింది.

థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుడు మద్రాసు రాజధానిలో పని చేసేవాడు. నెల్లూరులో ఉన్నప్పుడు ఇక్కడి వేటగాళ్ళు పట్టి తెచ్చే పిట్టల్ని చూస్తూ, వాటి తెలుగు పేర్లు రాసుకునేవాడు. ఆయన సంపాదించిన ఒక కొత్త పిట్టకు 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయ నామం పెట్టాడు. రొమ్ము మీద రెండు పట్టీలు, పెద్ద కళ్ళు, పొడుగు కాళ్ళు, ఎగరడం కంటే పరుగెత్తడం ఎక్కువ. రెండు పట్టీలదని అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. జెర్డన్ మాత్రం తన పుస్తకంలో వేటగాళ్ళు చెప్పిన తెలుగు పేరు కూడా రాశాడు: అడవి ఉత్త తిత్తి. తిత్తి అంటే డబ్బు దాచుకునే తోలు సంచి. దాని అర్థం 'అడవి ఖాళీ సంచి' అని ఆయన ఇంగ్లీషులో వివరించాడు. పిట్ట కూతను మనవాళ్ళు అలా పలికారేమోనని మా ఊహ. ఏదైనా, దొర పేరు కంటే ముందు ఆ పిట్టకు మన పేరు ఉంది.

తర్వాత అది కనబడటం తగ్గింది. బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన గోదావరి లోయలో చూశాడు. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర చూశాడు. అంతే. ఎనభై ఏళ్ళు దాటిపోయినా ఇంకొకరు చూసినట్టు రాయలేదు. 1970లలో వెతికారు, దొరకలేదు. అంతరించిపోయిందనే పుస్తకాలు రాసుకున్నాయి.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్ళీ వెతుకులాట మొదలుపెట్టింది. భరత్ భూషణ్ అనే పరిశోధకుడు పిట్ట బొమ్మ పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో తిరిగాడు. చూశామన్నవాళ్ళు కనబడ్డారు. ఇది కలివికోడి గదా అన్నారు. కలివి పొదల మధ్య తిరిగేది గనుక కలివికోడి. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లె దగ్గర, లంకమల కొండల పాదాన, పిట్టలు పట్టే ఒక స్థానికుడు టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. పుస్తకాల్లో చచ్చిపోయిన పిట్ట ప్రాణంతో చేతిలో ఉంది. కొద్ది రోజులకే అది చనిపోయిందన్నది ఆ కథలో బాధ పెట్టే ముక్క.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన పిల్లల చరిత్ర పాఠంగా చెప్పుకోదగ్గది ఇదే. అన్నేళ్ళూ దేశదేశాల నిపుణులు పగటిపూట వెతికారు. ఆ పిట్ట రాత్రి తిరుగుతుంది. రాత్రిపూట పొదల్లో నడిచే మనిషికి అది ఎన్నడూ పోలేదు. అది ఎక్కడ ఉంటుందో దాని పేరులోనే ఉంది. కలివి అంటే ఏ పొదో తెలిసినవాడికి ఆ పేరే దారి చూపిస్తుంది. 'వాళ్ళు మళ్ళీ కనిపెట్టారు' అని పాఠ్యపుస్తకం రాస్తే, కనిపెట్టిన రాత్రి టార్చి ఎవరి చేతిలో ఉందో కూడా పిల్లలకు చెప్పడం పంతులు పని.

1988లో లంకమల కొండల చుట్టూ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించారు. అయినా పొదనేలకు శాంతి లేదు. సోమశిల ప్రాజెక్టు కింద ఊళ్ళు మునిగినవాళ్ళకు ఆ చుట్టుపక్కలే చోటు చూపించారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఎక్కడో ఒకచోట బతకాలి గదా. తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం వచ్చింది. 2005లో కలివికోడి తిరిగే పొదల్లోకే యంత్రాలు దిగాయి. అటవీ శాఖ, పరిశోధకులు అడ్డుకున్నారు, సంగతి సుప్రీంకోర్టు వేసిన కమిటీ దాకా పోయింది, కాలువ దారి మార్చారు. రాయలసీమలో నీళ్ళ కాలువను ఒక పిట్ట పక్కకు జరిపిందంటే ఊళ్ళో నమ్మేవాళ్ళు తక్కువ.

ఆ పదేళ్ళలో జరిగిన ఒక పని మన తోట విషయానికి నేరుగా ఉపయోగపడుతుంది. పి. జెగనాథన్, ఆయన తోటివాళ్ళు పొదల మధ్య బాటల మీద మెత్తటి మట్టి పరిచి, తెల్లారి దాని మీద పడిన అడుగుజాడల్ని చదివారు. మన తాతలు జాడ తీసే పద్ధతికి కొలత, కాగితం తోడైందన్నమాట. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మనిషెత్తు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు 1000 లోపు ఉన్నచోటనే కలివికోడి ఎక్కువగా తిరుగుతున్నట్టు తేలింది. బొత్తిగా ఖాళీ నేల దానికి పనికిరాదు, చిక్కటి అడవీ పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి ఉత్త నేల కావాలి. దాని రెట్టలో ఎక్కువగా దొరికినవి చెదపురుగులు, చీమలు. ఆ నేలలో పచ్చదనం పెంచుతామని జామాయిలు దట్టంగా నాటినా, పొదలన్నీ పీకి చదును చేసినా ఆ పిట్టకు ఒకటే. రెండు రకాలుగానూ ఇల్లు పోతుంది.

కర్నూలు వైపు ఇలాంటి కథే ఇంకొకటి ఉంది. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. చుట్టూ కందకం తీసి పశువుల్ని ఆపితే గడ్డి లేచింది, పిట్టలు పెరిగాయి. బట్టమేక పిట్ట ఉత్త నేల మీద సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెడుతుంది. చుట్టూ దూరం దాకా కనబడాలి, అప్పుడే దానికి ధైర్యం. గడ్డినేలతో పాటు పక్కనున్న జొన్న, కొర్ర, కంది చేలు కూడా దాని మేత భూములే. తర్వాత నీటి పారుదల వచ్చింది, పంటలు మారాయి, పైర్లు వత్తుగా పెరిగాయి, ఊరకుక్కలు ఎక్కువయ్యాయి. కృష్ణజింకలు పెరిగి రైతుల చేలల్లో పడ్డాయి, బట్టమేకలు తరిగిపోయాయి. అభయారణ్యం హద్దులో ఎన్ని చెట్లు నాటినా ఆ పిట్ట తిరిగిరాదు. దానికి కావాల్సింది చెట్టు లేని నేల. మొక్కలు నాటడమే పుణ్యమని నేర్పే మనకు ఈ మాట మింగుడు పడదు.

1950లో కె.ఎం. మున్షీ కేంద్రమంత్రిగా ఉన్నప్పుడు వనమహోత్సవం మొదలైంది. అప్పటి నుంచి ప్రతి జూలైలో బడికి మొక్కలు వస్తాయి. ఎన్ని నాటామో రాసి, ఫొటో తీసి పంపుతాం. ఏ మొక్క, ఎవరికి పనికొస్తుంది అన్న గడి ఆ ఫారంలో మాకు ఎప్పుడూ కనబడలేదు. వచ్చిన మొక్క నాటకుండా ఉండలేం. వేప, కానుగ, నేరేడు వస్తే సంతోషంగా నాటుదాం, నీడ పిల్లలకు కావాలి. ఆటస్థలం వెనక మూల ఇరవై సెంట్లు మాత్రం వేరే లెక్కకు ఉంచుకుందాం.

ఆ లెక్కను ఏడో తరగతి పిల్లల చేత చేయించవచ్చు. హెక్టారుకు 247 సెంట్లు. 300 నుంచి 700 పొదలంటే సెంటుకు ఒకటి నుంచి మూడు. ఇరవై సెంట్లకు పాతిక నుంచి యాభై అయిదు దాకా. పొదకూ పొదకూ నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎడం. బడి తోటలోకి కలివికోడి నడిచి వస్తుందని మేము ఆశ పెట్టడం లేదు. ఆ కొలత ఈ నేల తనకు తాను కట్టుకున్న కొలత. అందులో కముజు బతుకుతుంది, చితవ గుడ్డు పెడుతుంది, కుందేలు పడుకుంటుంది, తొండ ఎండ కాచుకుంటుంది.

పొదలుగా కలివి, రేగు, పరికి, బలుసు, జాన పెట్టండి. పండ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఎండాకాలం చివర కలివి, చలికాలంలో రేగు. పికిలిపిట్టలు, గోరింకలు పండు తిని విత్తనం ఇంకోచోట వేస్తాయి, రెండో ఏటి నుంచి నాటే పని సగం వాటిదే. కంచె పొడవునా తంగేడు, బందారు. తంగేడు ఆకు మీద లేత పసుపు సీతాకోకలు గుడ్లు పెడతాయి, పూల మీద తేనెటీగలు ముసురుతాయి, బతుకమ్మ ఆడే ఊళ్ళకు పువ్వూ దొరుకుతుంది. ఒక మూల జిల్లేడును పీకకుండా వదిలేయండి. నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళి ఆ ఆకు మేసి కాషాయరంగు సీతాకోక అవుతుంది. గాజుసీసాలో పెట్టి చూపించడం కంటే ఆకు మీదనే రోజూ చూపిస్తే పిల్లలకు బాగా ఎక్కుతుంది. చోటుంటే ఒక మోదుగ, ఒక జమ్మి. ఇవి మెల్లగా పెరుగుతాయని వెనకాడొద్దు, బడి కూడా ఎక్కడికీ పోదు.

పొదల మధ్య నేలను ఊడ్చకండి, చిమ్మి పచ్చగడ్డి పరచకండి. ఎండుటాకు, విరిగిన కొమ్మ, నాలుగు బండరాళ్ళు అలాగే ఉండనీయండి. చెదలు కనబడగానే మందు చల్లడం మన అలవాటు. బడి దూలాలకు పట్టిన చెద వేరు, తోట మూలన ఎండుపుల్లను తినే చెద వేరు. ఆ రెండోది పిట్టకు అన్నం. మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి, తేనెటీగ మునిగిపోకుండా లోపల ఒక గులకరాయి వెయ్యండి. సర్కారు తుమ్మ మొలిస్తే మోకాలెత్తు కాకముందే, వానకు నేల మెత్తబడినప్పుడు, వేరుతో సహా పెద్దవాళ్ళు లాగెయ్యాలి. పైపైన నరికితే రెట్టింపు వస్తుంది. పెద్ద చెట్లయితే ఊళ్ళో బొగ్గు కాల్చేవాళ్ళను పిలవండి. కంప వాళ్ళకు, నేల తోటకు.

నాటే ముందు ఒక పని చెయ్యాలి. మా లెక్కలో నాటడం కంటే అదే పెద్ద పని. అడవి, బీడు తెలిసిన ముసలాయననో జేజినో బడికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ప్రతి పొదకూ వాళ్ళు ఏ పేరు పెట్టారు, దాన్ని ఏ ప్రాణి తింటుంది, ఏ నెలలో, ఏ రోగానికి ఆకు వాడతారు, ఎంత తీసుకుని ఎంత వదలాలి అని పిల్లల చేత అడిగించి రాయించాలి. గడ్డ తవ్విన చోట తీగ మొదలు మళ్ళీ పూడ్చి రావాలని మా పెద్దవాళ్ళు మాకు నేర్పారు. పర్యావరణ పాఠంలో ఇంగ్లీషు మాటల్లో మేము తర్వాత చదివింది అదే. చెంచు ఇంట్లో ఒక పేరు, సుగాలి తండాలో ఇంకొక పేరు వస్తాయి. రెండూ రాయండి. సరైన పేరు ఏదని తేల్చకండి. కొన్ని బడుల్లో ఇంటి భాష మాట చెబితే పిల్లవాడు నవ్వులపాలవుతాడు. ఆ నోటుపుస్తకంలో అదే మాటకు మార్కు పడాలి. జెర్డన్ రాసుకున్నందుకు ఉత్త తిత్తి మిగిలింది. మనం రాయనందుకు పోయిన పేర్లు ఎన్ని ఉంటాయో!

తోట అంచున రెండడుగుల వెడల్పున మెత్తటి మట్టి పరిచి, సాయంత్రం బడి వదిలేటప్పుడు చీపురుతో నున్నగా చెయ్యండి. పొద్దున ప్రార్థనకు ముందు ఇద్దరు పిల్లలు పోయి చూసి రావాలి. కప్ప గెంతిన గుర్తు, పాము గీత, ముంగిస గోళ్ళు, కముజు మూడు వేళ్ళు. మొదట్లో కుక్కను చూసి నక్క అంటారు, ఫరవాలేదు. మా పిల్లల్లో అచ్చరాలు కూడగట్టుకోలేని వాళ్ళు కొందరు జాడ దగ్గర అందరికంటే ముందు చదివేస్తారు. ఆ రోజు తరగతిలో వాళ్ళు తల ఎత్తుకుని కూర్చోవడం మేము చూశాం.

2000 దశకం చివరి నుంచి కలివికోడి మళ్ళీ కనబడకుండా పోయింది. పదిహేనేళ్ళు దాటింది, ఆశ వదులుకున్నవాళ్ళే ఎక్కువ. 2025 ఆగస్టులో పక్షుల్ని వెతికే కొందరు కడప జిల్లా పొదల్లో రాత్రి దాని కూత విని రికార్డు చేశారు. ఈసారీ దాన్ని చూపించింది చీకటే. లంకమల, సిద్ధవటం, బద్వేలు వైపు పనిచేసే ఉపాధ్యాయులకు ఒక మాట: ఆ పిట్టను వెతకమని పిల్లల్ని రాత్రిపూట పంపకండి, చోటు తెలిసినా అందరికీ చాటకండి. పట్టిన పిట్ట ఏమైందో 1986 చెప్పింది.

కలివి నర్సరీల్లో అరుదుగా దొరుకుతుంది, మనమే విత్తుకోవాలి. పండు వేసవి సెలవుల్లో మొదలై తొలకరి దాకా ఉంటుంది. విత్తనం ఎండి నిలవ ఉంటే మొలిచే శక్తి త్వరగా పోతుంది, డబ్బాలో దాచి మరుసటేడు వేస్తే లాభం లేదు. బడి తెరిచిన మొదటి వారంలోనే, మేకలకు పోయి వచ్చే పిల్లలకు చెప్పండి, పండ్లు తిని గింజలు జేబులో వేసుకుని రమ్మని. గుజ్జు కడిగి, అదే రోజు, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపిన సంచుల్లో వేలి కణుపు లోతున పెట్టండి. తర్వాతి ఏడు మృగశిర కార్తెకు మొక్క జానెడు అవుతుంది, అప్పుడు నేలలో దించవచ్చు. నాటిన మొదటి ఎండాకాలం వారానికి ఒక కుండ నీళ్ళు, మేకలకు అందకుండా చుట్టూ సర్కారు తుమ్మ కంప.